నువ్వు పడుకో వదినా

గుండీలక్కకి గది దొరికింది గానీ నిద్ర దొరకలేదు.

చిన్న గది. ఒక మంచం, గోడకి బిగించిన చెక్క అర, కిటికీ, కిటికీ కింద ప్లాస్టిక్ కుర్చీ. తలుపుకి లోపలి నుంచి గడియ. వచ్చిన రోజు ఆ గడియని వేసి తీసి, తీసి వేసి, ఆ చప్పుడు వింటూ మురిసిపోయింది. కానీ మంచం మీద నడుం వాల్చగానే ఒళ్లు ఎదురు తిరిగేది. కళ్లు మూతలు పడుతుండగానే ఎవరో భుజం తట్టినట్టు ఉలిక్కిపడి లేచేది. లేచి, కాళ్లతో చెప్పులు తడుముకుని, కుర్చీలో కూర్చునేది. తెల్లారేదాకా అలా కూర్చునే ఉండేది. దులిపి పరిచిన దుప్పటి దులిపి పరిచినట్టే ఉండేది.

ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ రోడ్ల పక్క నుంచో, స్టేషన్ మెట్ల మీద నుంచో వచ్చినవాళ్లే. కొన్ని నెలలు ఉండి, ఒళ్లు బాగుచేసుకుని, ఏదో ఒక పనిలో కుదురుకుని, సొంతంగా అద్దెగది చూసుకుని వెళ్లిపోవాలి. వాళ్లు ఖాళీ చేసిన గదిలోకి ఇంకొకరు వస్తారు. అందుకే గేటు మీద బోర్డులో ఏ పేరు రాసి ఉన్నా, లోపలివాళ్లు దాన్ని ‘కొన్నాళ్ల ఇల్లు’ అనేవాళ్లు. ‘మా ఇల్లు’ అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఆ పొద్దున వంటగదిలో గుండీలక్క తన వాటా రొట్టెల్లో ఒకటి తిని, మిగతావి గుడ్డలో చుట్టుకుంటుండగా వార్డెన్ వచ్చింది. నలభై దాటని మనిషి. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వాటికోసం వెతుక్కునే రకం.

“అక్కా, కాస్త ఆగండి. మీకో మంచి కబురు. కుట్టుషాపు మాస్టరుతో మాట్లాడాను. బడిపిల్లల దుస్తులు కుడతారు వాళ్లు. గుండీలు వేయడం, కాజాలు కుట్టడం, అంచులు మడవడం, అంతా చేతిపనే. సోమవారం నుంచి రమ్మన్నారు.”

గుండీలక్క బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దగ్గరకి వచ్చి, లేని దారాన్ని ఒకసారి నలిపాయి. చొక్కాల ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆమె చేసింది ఆ పనే. రోడ్డు మీదికి వచ్చాక కూడా సూదీదారం వదల్లేదు. పక్కన పడుకునేవాళ్ల చొక్కాకి గుండీ ఊడితే పిలిచి మరీ కుట్టేది. అసలు పేరు ఎటో పోయి ఈ పేరు నిలిచింది.

“ఎప్పటి నుంచి ఎప్పటిదాకా మేడమ్?”

“పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అన్ని షాపుల్లాగే.”

“రాత్రిపూట చేసే పనేం లేదా?”

వార్డెన్ నవ్వింది. “గుండీలు కుట్టడానికి రాత్రి డ్యూటీ ఎక్కడుంటుందక్కా!”

గుండీలక్క నవ్వలేదు. రొట్టెల మూటని ముడేసింది. “చూద్దాం మేడమ్” అంది.

“చూడ్డానికేముంది? మీకు వచ్చిన పనే కదా.”

“చూద్దాం మేడమ్” అని మళ్లీ అదే మాట అని, చెప్పులేసుకుని గబగబా గేటు దాటింది. వార్డెన్ చేతులు నడుం మీద పెట్టుకుని, ఆ చెప్పుల చప్పుడు వినపడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది.

*

పెద్దాసుపత్రికి ఎదురుగా పాత బస్సుషెడ్డు ఉంది. బస్సులు దారి మార్చుకుని చాలాకాలమైంది. రేకుల కప్పూ సిమెంటు బల్లా మిగిలాయి. ఆ బల్ల మీద సంచిని ఒళ్లో పెట్టుకుని, కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా చేసుకుని కూర్చుని ఉంది రేడియో.

అది కూడా పెట్టిన పేరే. మెలకువగా ఉన్నంతసేపూ ఆమె నోరు మూతపడదు. వయసులో గుండీలక్క కంటే బాగా పెద్దది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఎవరి అన్నకి ఎవరు పెళ్లామో అడిగితే చెప్పలేరు. ఆ పిలుపులో ఎన్ని మాటలైనా అనుకోవచ్చు, ఎన్ని తిట్లయినా తిట్టుకోవచ్చు. వాళ్లకి అంతే చాలు.

“వచ్చావా మహారాణీ! అంతఃపురంలో నిద్ర చాలలేదా, ఇంత ఆలస్యం?”

“సూర్యుడు ఇప్పుడేగా వదినా లేచింది.”

“ఆయనకేం, ఆయన రాత్రంతా పడుకున్నాడు. నేను పడుకున్నానా?” అంటూనే రేడియో సంచిని తల కింద పెట్టుకుని బల్ల మీద ఒరిగింది. “రెండు కుక్కలొచ్చాయి. మాట్లాడి పంపించాను. ఒక తాగుబోతొచ్చాడు. వాడితో కుక్కలంత తేలిక కాలేదు.”

గుండీలక్క మూట విప్పి రొట్టె తుంచి చేతికిచ్చింది. పడుకునే నమిలింది రేడియో. కాళ్లు వాచి చీలమండలు కనబడడం లేదు. గుండీలక్క బల్ల చివర కూర్చుని ఆ కాళ్లు ఒళ్లో పెట్టుకుంది.

“వదినా, నాకు పని చూశారు. కుట్టుషాపులో.”

రేడియో చటుక్కున మోచేతి మీద లేచింది. “గుండీల పనేనా?”

“ఊఁ.”

“మరి ముఖం అలా వేలాడేశావేం? వెళ్లు! ఇవాళే వెళ్లు!”

“పగలు పని. నేను పనికి పోతే నువ్వెప్పుడు పడుకుంటావు?”

“నేనా? నిలబడి నిద్రపోతా. గుర్రాలు పోవూ?”

“గుర్రానికి నాలుగు కాళ్లుంటాయి వదినా. నీకున్న రెండూ వాచిపోయాయి.”

రేడియోకి నవ్వొచ్చి రొట్టె గొంతుకి అడ్డం పడింది. దగ్గు తగ్గాక గుండీలక్క మెల్లిగా అంది. “మా మేడమ్‌కి నీ గురించి ఒక్క మాట చెప్తాను. మంచిది. అడిగితే...”

“అదిగో, మళ్లీ మొదలెట్టావు.” రేడియో గొంతు మారిపోయింది. “రోడ్డు మీదివాళ్లని ఎత్తుకెళ్లే ఆ వ్యానువాళ్లు కూడా మంచివాళ్లే వదినా. అమ్మా అమ్మా అంటూ చెయ్యి పట్టుకునే ఎక్కించారు. ఊరవతల షెడ్డులో దింపి బయట తాళం వేశారు. పురుగులున్నాయని నా సంచి తీసుకెళ్లి కళ్లముందే మంటలో పడేశారు. మా అబ్బాయి ఫొటో ఉందందులో. వాడు పోయాక నాకు మిగిలిన ముఖం అదొక్కటే. అరిచాను. నోరు ముయ్యి అన్నారు. నన్ను, నోరు ముయ్యమని!” చివరి మాట నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. “నేనెక్కడ పడుకుంటానో నీ మేడమ్‌కి చెప్పావో, ఆ రోజుతో నీకూ నాకూ చెల్లు.”

“చెప్పనులే. పడుకో.”

“ఒట్టు?”

“ఒట్టు. నువ్వు పడుకో వదినా, నేనున్నా.”

ఆ మాట కోసమే ఆగినట్టు రేడియో కళ్లు మూసుకుంది. నోరు ఇంకాసేపు ఏదో గొణిగి, ఆగిపోయింది. గుండీలక్క ఆ కాళ్లని మెల్లిగా బల్ల మీదికి దించి, నిటారుగా కూర్చుంది. ఈగ వాలితే చేత్తో తోలింది. ఎండ ముఖం మీదికి పాకుతుంటే తను జరిగి, తన నీడ ఆ ముఖం మీద పడేలా కూర్చుంది. ఎవరో కుర్రాళ్లు బల్ల దగ్గరికి రాబోతే గట్టిగా ఒక దగ్గు దగ్గింది. వాళ్లు అవతలికి పోయారు.

రోడ్డుకి అటువైపు, ఆసుపత్రి గేటు దగ్గర డ్యూటీ దిగి వస్తున్న ఆయా ఒకామె ఆగి ఇటే చూసింది. కొన్నాళ్ల ఇంట్లో గుండీలక్కకి ఎదురుగదిలో ఉండే మనిషే. లారీ ఒకటి అడ్డం వచ్చింది, అది పోయేసరికి ఆమె వెళ్లిపోయింది. పడుకున్న రేడియోకి షెడ్డు లావుపాటి స్తంభం అడ్డుందని, అక్కడి నుంచి చూస్తే బల్ల చివర ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న తనొక్కతే కనిపిస్తుందని గుండీలక్కకి తట్టలేదు.

*

మర్నాడు సాయంత్రం గుండీలక్క గేటు తీసుకుని వచ్చేసరికి వార్డెన్ వరండాలోనే నిలబడి ఉంది. ఈసారి కళ్లద్దాలు ముఖం మీదే ఉన్నాయి.

“అక్కా, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పండి. పొద్దున వెళ్లి సాయంత్రం దాకా ఎక్కడుంటున్నారు?”

“ఊరికే... అలా తిరిగి వస్తా మేడమ్.”

“ఆసుపత్రి ఎదురుగా షెడ్డులో కూర్చుంటున్నారట. పాత చోటే కదా అది?”

గుండీలక్క ఎదురుగది వైపు చూసింది. తలుపు కొద్దిగా తెరిచి ఉన్నది కాస్తా మెల్లిగా మూసుకుంది.

“అక్కడ కూర్చుని చెయ్యి చాపుతున్నారని విన్నాను.” వార్డెన్‌కి ఆ మాట అనడం ఇష్టం లేదు. అందుకే గబుక్కున అనేసింది. “నేను నమ్మలేదు. కానీ పని చూపిస్తే చూద్దాం అంటారు. అడిగితే తిరిగొస్తా అంటారు. నేనేమనుకోవాలి? ఈ గది కోసం ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారక్కా. సోమవారం మీరు పనికి వెళ్లకపోతే, గది నిలబెట్టమని పైవాళ్లని నేను అడగలేను.”

చెయ్యి చాపడం! ఫ్యాక్టరీ మూతపడ్డ నాటి నుంచి ఏ రోజూ చాపని చెయ్యి అది. ఒక్క మాట చెబితే చాలు, ఈ నింద మంచులా విడిపోతుంది. ఆ ఒక్క మాటా నాలుక చివరి దాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి ఆగింది.

తలెత్తలేక ఆమె చూపు వార్డెన్ కోటు మీద నిలిచింది. గుండెల దగ్గర గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోంది.

“గుండీ ఊడిపోయేలా ఉంది మేడమ్. కుట్టేస్తా, ఉండండి.”

“మాట మార్చకండక్కా.”

“మాట కాదు, గుండీ. పడిపోతే మళ్లీ అలాంటిది దొరకదు.”

పైటకి దోపుకున్న సూదిని అప్పటికే తీసింది. ఆమె దగ్గర సూదీ దారమూ ఎప్పుడూ ఉంటాయి. వార్డెన్ ఏదో అనబోయి, కోటు విప్పబోయి, ఈలోగా గుండీలక్క దగ్గరికి వచ్చి పట్టుకునేసరికి కదలకుండా నిలబడిపోయింది. బడికి తయారయ్యే పిల్లలా గడ్డం కొంచెం పైకెత్తింది కూడా.

గుండీలక్క పాత పోగులు లాగేసింది. సూదిని గుడ్డ లోపలి నుంచి పైకి తెచ్చి, గుండీ కన్నంలో దూర్చి, ఎదురు కన్నంలోంచి కిందికి దింపింది. గుండీకీ గుడ్డకీ మధ్య కొంచెం జాగా వదిలింది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. వదిలిన జాగాలో దారాన్ని గట్టిగా చుట్టసాగింది. గుండీకి మెడ కడితేనే కాజాలో ఇరుక్కోకుండా తిరుగుతుంది. చేతులు పని చేసుకుపోతున్నాయి గానీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఒకసారి తల ముందుకి తూలి వార్డెన్ భుజానికి తగిలింది.

“అక్కా!”

“అబ్బే, ఏం లేదు మేడమ్.”

ఇంత దగ్గర నుంచి వార్డెన్ ఆమె ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు. కళ్ల కింద చర్మం నల్లగా వేలాడుతోంది. కనురెప్పల అంచులు ఒరిసిపోయినట్టు ఎర్రగా ఉన్నాయి.

“మీరు నిద్రపోవడం లేదా?”

“పోతున్నా మేడమ్.”

“ఎప్పుడు?”

గుండీలక్క ముడి వేసి, ముందుకి వంగి దారాన్ని పంటితో తెంపింది. గుండీని వేలితో ఒకసారి లాగి చూసి, “ఇక కోటు చిరగాల్సిందే గానీ ఇది ఊడదు” అంది. తన గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

లోపల ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. దుప్పటిని నాలుగు మడతలు వేసి మంచం తలాపున పెట్టింది. అర మీద ఉన్న రెండు జతల బట్టలు సంచిలో సర్దింది. ఎలాగూ పొమ్మంటారు. వాళ్లు అనకముందే సర్దుకుని ఉంటే ఆ మాట కాస్త తక్కువ గుచ్చుకుంటుంది.

*

మర్నాడు రేడియోకి పని సంగతి గానీ, గది సంగతి గానీ చెప్పలేదు. రొట్టె తినిపించి పడుకోబెట్టింది. ఎండ బాగా ఎక్కింది. ఆసుపత్రికి వచ్చేపోయే జనంతో రోడ్డు కిటకిటలాడుతోంది. గుండీలక్క కునికిపాట్లు పడుతూ, పడినప్పుడల్లా తొడ గిల్లుకుంటూ కూర్చుంది. ఒకసారి అలా కళ్లు తెరిచేసరికి, వాహనాల మధ్య నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వార్డెన్ రోడ్డు దాటుతోంది.

గుండీలక్క చటుక్కున లేచి, బల్లకి అడ్డంగా నిలబడింది. వ్యాను కోసం అటూ ఇటూ చూసింది. ఏ వ్యానూ లేదు.

వార్డెన్ షెడ్డులోకి వచ్చి నోరు తెరవబోయింది. గుండీలక్క పెదాల మీద వేలు పెట్టింది. అప్పుడు కనిపించింది వార్డెన్‌కి, ఆమె వెనక బల్ల మీద ముడుచుకుని పడుకున్న ముసలామె, తల కింద సంచి, సంచి పట్టీ మణికట్టుకి చుట్టుకున్న చెయ్యి.

“ఎవరక్కా?” అంది గొంతు తగ్గించి.

“మా వదిన.”

“సొంత వదినా?”

“అంతకంటేనూ.” గుండీలక్క గుసగుసగా అంది. ఇక దాచడానికేం లేదు. “ఇన్నేళ్లూ వంతులేసుకున్నాం మేడమ్. ఒకళ్లు పడుకుంటే ఒకళ్లు కూర్చోవాలి. ఇద్దరూ పడుకుంటే తెల్లారేసరికి చెప్పులుండవు, సంచి ఉండదు. ఒక్కోసారి మానం కూడా ఉండదు. మీవాళ్లు వచ్చినప్పుడు ఒక్క గదే ఖాళీ ఉందన్నారు. నాకు జ్వరం. నువ్వు పో అని తనే తోసింది. ఇప్పుడు రాత్రంతా ఒక్కతే కూర్చుంటోంది. పగలన్నా కన్ను మూయకపోతే చచ్చిపోదూ?”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఒట్టేయించుకుంది. ఒకసారి వ్యానులో ఎత్తుకెళ్లి తాళం వేశారు. అప్పటి నుంచి మీలాంటివాళ్లంటే హడలు.” కాస్త ఆగి అంది. “తను ఇక్కడ మేలుకుని ఉంటే, నాకు గదిలో నిద్ర ఎలా వస్తుంది మేడమ్?”

వార్డెన్ కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడిచింది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది. “నిన్న నేనన్న మాట... అనకుండా ఉండాల్సింది అక్కా” అంది. తర్వాత బల్ల చివర, గుండీలక్క లేచిన చోట కూర్చుంది.

“మీరెళ్లి టీ తాగి రండి. నేను చూస్తుంటాను.”

“వద్దులెండి. మీకు చేతకాదు.”

“కూర్చోవడమే కదా?”

“ఉత్త కూర్చోవడం కాదు మేడమ్. ఫోను చూడకూడదు. ఎవరైనా దగ్గరికొస్తే ముందు దగ్గాలి. అప్పటికీ పోకపోతే లేచి నిలబడాలి. తిట్టకూడదు, తనకి మెలకువొస్తుంది. ఎండ జరిగినకొద్దీ మీరూ జరగాలి.”

“సరే” అంది వార్డెన్. ఫోను తీసి బ్యాగులో పడేసి జిప్పు లాగింది.

గుండీలక్క టీ బండి దాకా వెళ్లింది. అన్నేళ్లలో మొదటిసారి వదినని ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చింది. టీ వేడి నోటికి తెలియలేదు. గ్లాసు సగం ఉండగానే వెనక్కి నడిచింది. దూరం నుంచే వినపడింది గొంతు. రేడియో మోగుతోంది.

“...కాపలా అంటే అలాగేనా? నేను లేచి కూర్చుని కూడా ఎంతసేపయింది! నువ్వు రోడ్డుకేసి చూస్తూనే ఉన్నావు!”

“దొంగలు రోడ్డు వైపు నుంచే వస్తారు కదా అనుకున్నానమ్మా.”

“వెనకవైపు నుంచి రారూ? దొంగలు నీకు ముందు చెప్పి వస్తారా?” గుండీలక్కని చూసి గొంతు హెచ్చించింది. “వదినా! ఎవరీవిడ? టీకి పోయింది, నన్ను కూర్చోమంది అంటోంది. ఇంత పనికిరాని మనిషిని ఎక్కడ పట్టుకొచ్చావు?”

“మా మేడమ్ వదినా” అంది గుండీలక్క.

రేడియో నోరు మూసుకుంది. సంచిని లాక్కుని గుండెలకి హత్తుకుంది. షెడ్డు బయటికి తొంగిచూసింది. “వ్యాను ఎక్కడ పెట్టావు?”

“నాకు సైకిలు కూడా లేదమ్మా. నడిచొచ్చాను.”

“మరి నన్నెలా తీసుకుపోతావు?”

“తీసుకుపోవడానికి రాలేదు. ఈ అక్క సోమవారం నుంచి కుట్టుపనికి వెళ్లాలి. అది చెప్పడానికొచ్చాను.” వార్డెన్ లేచి కోటు దులుపుకుంది. “పగలు మీరెప్పుడు పడుకుంటారో చెప్పండి. కుదిరినంతసేపు నేనొచ్చి కూర్చుంటా. ఈసారి వెనకవైపు కూడా చూస్తాలెండి.”

రేడియో ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. ఎంత చూసినా మోసం ఎక్కడుందో దొరక్క, గుండీలక్క వైపు తిరిగింది.

“ఈవిడకి దగ్గడం వచ్చా?”

“నేర్పుదాంలే వదినా.”

*

ఆ రాత్రి ఎదురుగది ఆయా గుండీలక్క తలుపు కొట్టింది. గుమ్మంలోనే నిలబడి, పైటకొంగు వేలికి చుట్టుకుంటూ అంది. “చూసింది చూసినట్టు చెప్పానక్కా. చూడనిది కూడా కొంచెం కలిపాను. నాకీ నోటి దురద ఎప్పుడు పోతుందో!” ఆయా వెళ్లిపోబోయి ఆగింది. “పొద్దుటే నా డ్యూటీ అయిపోతుంది. షెడ్డు ఎదురుగానేగా. వార్డెనమ్మ వచ్చేదాకా నేను కూర్చుంటా. వారం తిరక్కుండా అద్దెగదికి మారిపోతున్నాను, ఆలోగా ఈ ఒక్కటన్నా చెయ్యనివ్వు.”

“ఆవిడ ఊరికే పడుకోదు. నీ పుట్టుపూర్వోత్తరాలన్నీ అడుగుతుంది.”

“అడగనీ. నాతో మాటల్లో ఎవరు గెలుస్తారు?”

సోమవారం గుండీలక్క షాపులో మిషన్ల వెనక, కిటికీ పక్కన చాప మీద కూర్చుంది. ఎదురుగా తెల్ల చొక్కాల గుట్ట. మాస్టరు గుండీల డబ్బా ముందు పెట్టి, మొదటి చొక్కా కుట్టేదాకా నిలబడి చూసి, ఏమీ అనకుండా తన కత్తెర దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్న చిన్న చొక్కాలు. కొన్నిటి వెడల్పు జానెడున్నర కూడా లేదు. ఆ కాలర్లు పట్టుకున్నప్పుడు, లోపల ఏ పిల్లో పిల్లాడో ఉన్నట్టే మెత్తగా పట్టుకుంది. చేతులకి పాత నడక తొందరగానే తిరిగొచ్చింది. సూది పైకి, సూది కిందికి, మెడకి చుట్టు, ముడి, పంటితో తెంపు. కుట్టిన చొక్కాల దొంతర పెరిగేకొద్దీ కిటికీలో ఎండ తగ్గుతూ వచ్చింది. పొద్దు వాలడం కాదది, మబ్బు. మధ్యాహ్నం దాటాక వాన కురవడం మొదలైంది.

ఆ షెడ్డు రేకులకి చిల్లులు. గుండీలక్కకి ఇక మనసు నిలవలేదు. పని విడిచిపెట్టగానే నెత్తిన సంచి కప్పుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది.

బల్ల ఖాళీగా ఉంది. రేకుల్లోంచి కారిన నీళ్లు బల్ల మీద మడుగు కట్టాయి. రేడియో లేదు, సంచి లేదు.

టీ బండివాణ్ణి అడిగితే, “ఎవరో వచ్చి తీసుకెళ్లారమ్మా, వాన మొదలైనప్పుడు” అన్నాడు.

“వ్యానులోనా?”

“చూళ్లేదమ్మా. పాలు పొంగుతుంటే ఇటు తిరిగా.”

గుండీలక్క వానలో ఎలా నడిచిందో, ఏ మలుపులు తిరిగిందో ఆమెకే తెలియదు. చెప్పు ఒకటి తెగితే రెండూ చేత్తో పట్టుకుంది. మేడమ్ ఎంత మంచిదైనా పైవాళ్లు ఉంటారు. పైవాళ్లకి వ్యాన్లుంటాయి. ఒట్టు తప్పింది నేనే. వదిన నా ముఖం చూడదు. ఇలా అనుకుంటూ కొన్నాళ్ల ఇంటి వీధిలోకి తిరిగింది. గేటు ఇంకా దూరం ఉండగానే ఆగిపోయింది.

వాన చప్పుడుని దాటుకుని, లోపలి నుంచి ఒక గొంతు వీధిలోకి వస్తోంది. ఎవరినో ఆపకుండా చీవాట్లు పెడుతోంది. పొయ్యి అలా వెలిగించకూడదట. గిన్నె అలా బోర్లించకూడదట. ఇంత పెద్ద ఇంట్లో ఒక్కరికీ పని చేతకాదట.

గుండీలక్క గేటు పట్టుకుని, ఆ వానలో అలాగే నిలబడి విన్నది. కళ్లలోకి నీళ్లు దిగుతున్నాయి. తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

వంటగదిలో రేడియో స్టూలు మీద కూర్చుని ఉంది. ఒంటి మీద వార్డెన్ కోటు ఉంది. కాళ్లు వేడినీళ్ల బకెట్లో ఉన్నాయి. పక్కన ఆయా తల వంచుకుని గిన్నెలు తుడుస్తోంది. వార్డెన్ పొయ్యి దగ్గర నిలబడి చీవాట్లు తింటోంది.

“వచ్చావా వదినా! గుండీలన్నీ సరిగ్గా కుట్టావా?” రేడియో చేతిలో ఏదో ఎత్తి చూపించింది. తాళంచెవి. “మీ మేడమ్ గొడుగు పట్టుకుని వచ్చి, వాన తగ్గేదాకా రమ్మంది. గేటుకి తాళం ఎవరు వేస్తారు అనడిగా. ఇదిగో అని నా చేతిలో పెట్టింది. ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు గేటు తీసుకుని పొమ్మంది. పోదామనే అనుకున్నా. తాళంచెవి నా చేతిలోనే ఉన్నప్పుడు తొందరేముంది చెప్పు?”

గుండీలక్క వార్డెన్ వైపు చూసింది.

“ఆయాగారి గది ఖాళీ అయ్యేదాకా మీ గదిలోనే” అంది వార్డెన్, గరిటె తిప్పుతూ. “పైవాళ్లతో మాట్లాడాను. మొదట కాదన్నారు. నేను కూడా కొంచెం రేడియోలా మాట్లాడాను.”

భోజనాలకి ఇంకా వేళ ఉంది. తడిబట్టలు మార్చుకుని ఇద్దరూ గదిలోకి వెళ్లారు. మంచం తనకొద్దంది రేడియో. కింద పరుపు వేయించుకుంది. గది నాలుగు మూలలూ చూసింది, కిటికీ తీసి వేసింది, కుర్చీలో కూర్చుని లేచింది. ప్రతిదానికీ ఒక వంక పెట్టింది. అన్ని వంకలూ అయిపోయాక పరుపు మీద కూర్చుంది.

“నువ్వు పడుకో వదినా. పని చేసొచ్చావు. నేను కూర్చుంటా.”

“నువ్వే పడుకో. వానలో తడిశావు.”

“నేను పొద్దున కాసేపు కునుకు తీశాను. ఆ ఆయా కథ వింటూ.”

“అబద్ధం. ఆవిడ కథకి ఎవరూ నిద్రపోలేరు.”

“సరే, ఇద్దరం వాలుదాం. నేను మాట్లాడుతూ ఉంటా. మాట్లాడుతున్నానంటే మెలకువగా ఉన్నట్టేగా!”

గుండీలక్క మంచం మీద వాలింది. మడతపెట్టి ఉన్న దుప్పటి విప్పి కాళ్ల మీదికి లాక్కుంది. కింది నుంచి మాటలు వస్తూనే ఉన్నాయి. వార్డెన్ నడక మీద, ఆయా ముక్కు మీద, ఈ గది గోడలకి వేసిన రంగు మీద. కిటికీ అవతల వాన పలచబడింది. వంటగదిలో గరిటె గిన్నెకి తగులుతోంది. నడవాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోయారు. మాటలకీ మాటలకీ మధ్య ఎడం పెరిగింది. “...అది కాదు వదినా, అసలు సంగతేమిటంటే...” అని మొదలైన మాట మధ్యలో ఆగిపోయింది.

గుండీలక్క ఎదురుచూసింది. మిగతా సగం రాలేదు. సన్నగా, తీరిగ్గా, గురక వినపడింది.

అయితే ఇప్పుడు వంతు తనది. లేచి కుర్చీలో కూర్చోవాలి. చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఒక కాలు దుప్పటిలోంచి బయటికి పెట్టింది. నేల చల్లగా తగిలింది. ఇదిగో, లేస్తున్నా, అనుకుంది. కాలు మెల్లిగా మళ్లీ దుప్పటిలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి వార్డెన్ భోజనానికి పిలిచింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.